ముందు చక్రంలో నల్ల పొడి

అరిగిపోవడానికే పుట్టినదాన్ని నేను. కారు ముందు చక్రం వెనక దాగి, చక్రంతో పాటు తిరిగే నిగనిగలాడే ఇనప డిస్కును గట్టిగా పట్టుకుని ఆపే బ్రేకు ప్యాడును. నా ముఖం చూసినవాళ్లు తక్కువ. నన్ను నమ్ముకుని కొండలు దిగేవాళ్లు మాత్రం చాలామంది. మనుషుల్లో ఇదొక వింత. ముందుకు తీసుకెళ్లే ఇంజను గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు గానీ, ఆపేదాని ఊసెత్తరు.

ఇనప పొడి, రాగి నలుసులు, గట్టి నార, వీటన్నిటినీ పట్టి ఉంచే జిగురు కలిపి, వేడి అచ్చులో ఒక ఉక్కు రేకు మీద అదిమితే నేను తయారయ్యాను. నాలాంటి నలుగురిని ఒక అట్టపెట్టెలో పెట్టి పంపారు. చోడవరంలో ఒక స్పేరు పార్టుల షాపులో కొన్నాళ్లు కూచున్నాక, మెకానిక్ జిలానీ చేతికి వచ్చాను.

జిలానీ వయసు యాభై దాటి ఉంటుంది. షెడ్డులో అతను అందరికంటే నెమ్మదిగా పనిచేస్తాడు. ఆవేళ పొద్దున్న అతని ముందున్నది పాడేరు నుంచి వచ్చిన తెల్ల కారు. పక్కనే ముక్కాలిపీట మీద కారు యజమానురాలు పాంగి దైమతి కూచుని ఉంది. నలభై ఏళ్ల మనిషి. ఆ కారును ఆవిడే కిరాయికి నడుపుతుంది.

జిలానీ చక్రం విప్పగానే లోపలంతా నల్లటి పొడి. అతను ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ పొడి మీద నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచాడు.

"గాలి పైపు పెట్టి ఊదేస్తే అయిపోదా బాబూ?" అంది దైమతి.

"మా మేస్త్రీ అలాగే ఊదేవోడు అప్పా. ముప్పై ఏళ్లు ఊదేడు. ఆకర్న మెట్లెక్కితే ఊపిరాడీది కాదు. ఇది పీలిస్తే మంచిది కాదు."

"అసలీ నల్ల పొడేటి? రోజూ కడుగుతాను, రోజూ ఒస్తాది. రోడ్డు దుమ్మనుకున్నాను."

"రోడ్డు దుమ్ము ఇంత నల్లగా ఉంటాదేటి? ప్యాడు అరిగిన పొడి ఇది. నువ్వు తొక్కినప్పుడల్లా కొంచెం ప్యాడు, కొంచెం డిస్కు రాలతాయి."

దైమతి పీట ముందుకు జరుపుకుంది. తెలియనిది కనబడితే ఊరుకునే మనిషి కాదని ఆ జరపడంలోనే నాకు అర్థమైంది. జిలానీ పాత ప్యాడును పైకి తీశాడు. అది సగం కూడా అరగలేదు. కానీ దాని ముఖం గాజుపెంకులా మెరుస్తోంది, మధ్యలో సన్నటి బీటలు.

"ఇది అరగలేదప్పా, మాడిపోయింది. ఎప్పుడేయించేవు?"

దైమతి ఆ బీటల వంకే చూస్తూ చెప్పింది. నాలుగు నెలల కిందట, సంతరోజు పొద్దున్నే ఎక్కడో ఒక షాపులో కొత్త ప్యాడ్లు వేయించింది. వేయించిన గంటకే ఆరుగురు మనుషుల్ని, పసుపు బస్తాల్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు దిగింది. సగం దిగేసరికి మాడు వాసన. కాలు బలంగా తొక్కుతోంది గానీ బండి ఆగడం లేదు. ఎడమ పక్క లోయ. దైమతి కుడివైపుకు తిప్పి, కొండగట్టుకు బండిని రాసుకుపోనిచ్చి ఆపింది. అందరూ బతికారు. ఆవిణ్ణి పెంచిన పిన్ని బుద్రికి మాత్రం కుడిచెయ్యి విరిగింది.

బండి బాగైంది, పిన్ని చెయ్యీ అతుక్కుంది. కానీ దైమతి ఆ తర్వాత ప్రయాణికులతో ఘాట్ దిగలేదు. పాడేరు చుట్టుపక్కల తిరిగే కిరాయిలతోనే సరిపెట్టుకుంది. ఈరోజు కూడా ఒంటరిగా, భయపడుతూ, నడకలాంటి వేగంతో దిగి వచ్చిందట.

"నాలుగు నెల్లుగా ఒకటే అనుకుంతన్నాను బాబూ. నా కాలే ఆలస్యంగా పడిందని."

జిలానీ ఆ మాడిన ప్యాడును ఆవిడ చేతిలో పెట్టాడు. "కాలిది కాదప్పా. కొత్త ప్యాడు పచ్చిది. లోపల జిగురుంటాది. కొంచెం కొంచెంగా వేడి చూపిస్తే గట్టిపడతాది, డిస్కుతో కలిసిపోతాది. ఒకేసారి ఘాటు రోడ్డు చూపిస్తే ఆ జిగురు పైకొచ్చి గాజులాగైపోతాది. గాజు మీద బండి జారిపోదా మరి?"

ఆవిడ బరువు దిగినట్టు నిట్టూర్చింది. నేనింకా అట్టపెట్టెలోనే ఉన్నా ఆ నిట్టూర్పు విన్నాను. అయితే జిలానీ అక్కడితో ఆగే మనిషి కాదు.

"ఏ గేరులో దిగేవు ఆరోజు?"

"నాలుగు," అంది దైమతి. "పెట్రోలు కలిసొస్తాదని."

"రెండులో దిగాలి. బండిని సగం ఇంజనే ఆపాలి. మొత్తం బరువు ప్యాడు మీదేస్తే పాతదైనా మాడతాది."

"అయితే తప్పులో సగం నాదే," అంది దైమతి. వాదించలేదు. మనుషుల నోట ఆ మాట అంత త్వరగా రావడం నేను తర్వాత కూడా పెద్దగా వినలేదు.

మధ్యాహ్నానికి మమ్మల్ని బిగించి, ఇద్దరూ ఊరి బయట చెరకు తోటల మధ్య ఉన్న తిన్నటి రోడ్డుకు వెళ్లారు. జిలానీ పక్క సీట్లో కూచున్నాడు.

"అరవై దాకా పోనియ్. ఎనకాల ఎవుడూ లేడు కదా? ఇప్పుడు మెత్తగా తొక్కు. పదికి రానియ్. పూర్తిగా ఆపకు. మళ్లీ పోనియ్."

మొదటిసారి డిస్కు నాకు తగిలినప్పుడు మేమిద్దరం పరాయివాళ్లం. అక్కడక్కడ మాత్రమే ఆనాం. బండి సాగదీసినట్టు నెమ్మదించింది. దైమతి కాలు పెడలు మీద ఎంత అనుమానంగా పడుతోందో నాకు తెలిసింది. రెండు, మూడు, నాలుగు. అయిదోసారికి నా లోపలి జిగురు వేడెక్కి మాడు వాసన లేచింది.

దైమతి కాలు గభాలున తీసేసింది. "అదే వాసన! బాబూ, అదే!"

"అదే వాసనప్పా. అది రావాలి. ఇక్కడ రావాలి, ఘాటులో కాదు. కంగారుపడకు. పోనియ్."

ఆవిడ చెమట తుడుచుకుని మళ్లీ పోనిచ్చింది. ఎనిమిదోసారి తోటలోంచి మేకల మంద రోడ్డెక్కింది. వేడిగా ఉన్నప్పుడు ఆపి తొక్కిపట్టుకుంటే నా ముద్ర డిస్కు మీద పడుతుంది, తర్వాత బండి వణుకుతుంది అని జిలానీ అప్పటికి రెండుసార్లు చెప్పి ఉన్నాడు. దైమతి అతని వైపు చూసింది.

"నన్నేటి చూస్తావు? ఆపెయ్! ప్యాడు పోతే ఇంకోటేస్తాను, మేకపిల్లని నేను చెయ్యగల్నా?"

ఆపింది. ఆవిడ ఎక్కడ ఆపాలనుకుందో బండి సరిగ్గా అక్కడే ఆగింది. ఆగగానే కాలు తీసేసింది, ముద్ర పడలేదు. పట్టు కుదిరిందని నాకూ తెలిసింది, ఆవిడకూ తెలిసింది. మేకలు తీరిగ్గా దాటాయి. మేకలకాపరి ముసలాయన మావైపు కన్నెత్తి చూడలేదు. తర్వాత ఇంకో నాలుగుసార్లు తొక్కించి, చివర్న బ్రేకు ముట్టుకోకుండా పావుగంట నడిపించాడు జిలానీ. ఆ గాలికి నేను చల్లారాను. డిస్కు మీద నాదే ఒక పల్చటి పొర అంటుకుంది. మేమిక పరాయివాళ్లం కాదు.

దైమతి ఆ సాయంత్రం పాడేరు తిరిగొచ్చి నేరుగా పిన్ని ఇంటి ముందే కారు ఆపింది. బుద్రి గుమ్మంలో కూచుని, ఇంకా సరిగా వంగని కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో చింతపండు గింజలు తీస్తోంది.

"పిన్నీ, ఆరోజు నాలుగో గేరులో దిగేనే. రెండులో దిగాల. ప్యాడ్లది సగం, నాది సగం తప్పు."

బుద్రి చెయ్యి ఆగింది. "నాకు గేర్లు తెల్దు. నాలుగు నెల్లుగా నువ్వు బియ్యం, కూర తెచ్చి గుమ్మంలో పెట్టేసి, నా మొకం చూడకుండా ఎల్పోతన్నావు. చెయ్యి నొప్పి ఎప్పుడో పోయింది. ఇదే పోలేదు."

"నువ్వు నా కారెక్కడం మానేసేవు కదా. కోపమనుకున్నాను."

"నువ్వు ఎక్కమన్నావేటి?"

నాలుగు నెలలు ఒకే వీధిలో ఉండి, ఒక్క మాట అడక్కపోవడం వల్ల జరిగిన నష్టమిది. ఇనప పొడితో పుట్టినదాన్ని, నాకిది ఇప్పటికీ అంతుచిక్కదు.

దైమతి ప్యాడు పొడి సంగతి చెప్పాక, బుద్రి లేచి వచ్చి, చక్రం సందులో వేలు పెట్టింది. వేలి కొసకు నల్లగా అంటింది. "దిగినప్పుడల్లా ఇది రాలతాదా? అయితే రోజూ ఎంత పోతందో చూసుకో మరి," అని వేలు చీరకు తుడుచుకుంది. "రేపు అనకాపల్లిలో డాక్టరికి చెయ్యి చూపించాల. బస్సులో నిలబళ్లేను."

మర్నాడు పొద్దున్న ఘాట్ దిగాం. రెండో గేరు. ఇంజను గుర్రుమంటూ బండి బరువును వెనక్కి లాగుతోంది. మలుపు ముందు మాత్రం దైమతి నన్ను కొంచెం తొక్కి, వదిలేస్తోంది. పదో మలుపు దాటేసరికి వెనక సీట్లోంచి గురక వినిపించింది. దైమతి అద్దంలో చూసింది. బుద్రి తల పక్కకు వాల్చి నిద్రపోతోంది. దైమతి నవ్వలేదు, ఏడవలేదు. ముందుకు చూస్తూ నడిపింది. కానీ ఆ తర్వాతి మలుపుల్లో ఆవిడ కాలు ఎంత మెత్తగా పడిందంటే, పిన్ని తల ఒక్కసారి కూడా కుదుపుకు ఊగలేదు.

రెండేళ్లు ఆ ఘాట్‌లో ఎక్కాను, దిగాను. ప్రతి నెలా దైమతి టార్చి పెట్టి నా మందం చూసుకునేది. ఒకరోజు జిలానీ "ఇంకో నెల వస్తాదప్పా" అన్నా వినకుండా నన్ను విప్పించేసింది. అప్పటికి నాలో పావువంతే మిగిలింది. మిగతాదెక్కడ? కాఫీ తోటల ఆకుల మీద కొంత, వాన కాలవల్లో కొంత, జిలానీ తడిగుడ్డల్లో కొంత. అంత మంచి పొడి కాదది, నాకు తెలుసు. అయినా ఆ ముప్పావు వంతు ఎటుపోయిందో వెళ్లి చూడాలని ఉంటుంది.

ప్రస్తుతం నేను పాత ఇనుము వేసుకుని వెళ్తున్న ఒక చిన్న వ్యానులో, విరిగిన సైకిలు చైన్ల మధ్య ఉన్నాను. కరిగితే ఏమవుతానో తెలియదు. తెలుసుకోవాలని మాత్రం ఉంది. అయితే ఇప్పుడు నా ధ్యాసంతా వేరే చోట ఉంది. ఈ వ్యాను ముందు చక్రంలో మా జాతిదే ఒకటి కీచుమంటోంది. పూర్తిగా అరిగిపోయి, ఉక్కు రేకు డిస్కును గీరుతోంది. అరుపు స్పష్టంగా వినిపిస్తోంది. డ్రైవరుకూ వినిపించినట్టుంది. అతను చెయ్యి చాచి, పాట సౌండు పెంచాడు.