పర్దాల కారు

మా ఆయన యాభై ఆరో ఏట కార్ల పందెంలో దిగుతానన్నప్పుడు నేను నవ్వలేదు. నవ్వితే మొండికేస్తారని ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేర్చుకున్నాను. "ముందు ఫలహారం చేయండి, ఉప్మా చల్లారిపోతది" అని మాత్రం అన్నాను. ఆయన ఉప్మా తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ అదే మాట అన్నారు. అప్పుడు నవ్వాను.

ఆయన పేరు అనంతపద్మనాభం. నయాపూల్ దగ్గర కచేరీలో ముప్పై రెండేళ్ళు రికార్డు కీపరుగా పని చేసి ఆ ఏడే రిటైరయ్యారు. ఆయన తరువాత చేరినవాళ్ళంతా ఆయన్ని దాటి పైకి వెళ్ళిపోయారు. అందులో ఎవరి కుట్రా లేదు, ఈయన స్వభావమే అంత. నల్లా దగ్గర మా బిందె ఎప్పుడూ ఆఖరుదే. క్షవరానికి పొద్దున్నే వెళ్ళి, వచ్చినవాళ్ళనందరినీ ముందు కూర్చోబెట్టి, మిట్టమధ్యాహ్నం సగం గడ్డంతో ఇల్లు చేరిన రోజులున్నాయి. కోవెలలో తీర్థం వరసలో మా ఇంటివాళ్ళది తాతల నాటి నుంచీ ఐదో చోటు. ఈయన ఆ ఐదో చోటులో నిలబడి "మీరు కానీయండి" అని అందరినీ ముందుకు పంపి, చివరికి గిన్నెలో మిగిలిన తులసాకు కోసం చెయ్యి చాపేవారు.

అలాంటి మనిషి, మా శాలిబండలోనే ఒక నవాబుల దేవిడీవాళ్ళు సామాను అమ్మేస్తున్నారంటే పడక్కుర్చీ చూసి వస్తానని వెళ్ళి కారు తెచ్చారు. ఆకుపచ్చ కారు. మా ఇంటి గేటుకన్నా పెద్దది కాబట్టి గేటు ఊడబీకి లోపల పెట్టించారు. ఎక్కడ? నేను వడియాలు ఎండబెట్టుకునే ఎండ పట్టున. ఊరంతా వెతికినా అంత మంచి ఎండ పడే చోటు ఇంకొకటి లేదు.

ఆ కారులో నాకు నచ్చినది ఒకటే, పర్దాలు. వెనక సీటుకు చుట్టూరా, డ్రైవరు వీపు వెనక కూడా, ఇత్తడి కమ్మీలకు ముదురెరుపు మఖమల్ పర్దాలు వేలాడుతున్నాయి. ఈయన తీసేద్దామంటే నేను తీయనివ్వలేదు.

"దుమ్ము ఎవరు దులుపుతరు? గిసొంటి మఖమల్ మళ్ల దొరుకుతదా? ఉండనీయండి."

ఆ దేవిడీలోనే ఇరవై ఏళ్ళు ఆ కారు నడిపిన ఖాదర్ భాయ్ ఈయనకు డ్రైవింగు నేర్పడానికి ఒప్పుకున్నాడు. అతను కూడా నా పక్షమే వహించాడు.

"పర్దాలు తీయొద్దు సాబ్. పర్దాలుంటే గీ బండి మస్తుగ పోతది."

మా ఆయన అది గాలికి సంబంధించిన శాస్త్రం అనుకుని నోటు పుస్తకంలో రాసుకున్నారు.

నేర్చుకోవడం మూడు నెలలు సాగింది. మొదటి నెలంతా కారు పెరట్లోనే ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు నడిచింది. రెండో నెల వీధిలోకి దిగింది. పాలవాడు సైకిలు మీద మమ్మల్ని దాటి, మర్యాదగా వెనక్కి తిరిగి దండం పెట్టి వెళ్ళేవాడు. మూడో నెల ఒక శుక్రవారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని పత్తర్‌గట్టికి తీసుకెళ్ళారు. అంత రద్దీ బజారులోనూ జనం గబగబా రెండు పక్కలకీ తప్పుకున్నారు. పోలీసు చెయ్యెత్తి టాంగాలన్నీ ఆపేశాడు. పాన్ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు గోడవైపు తిరిగిపోయారు.

"చూసినవా, నా హారన్ అంటే ఎంత హడలో" అన్నారు మా ఆయన.

వాళ్ళు నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగారని నేను అనుకున్నాను. ఆయన మనసెందుకు నొప్పించాలని పైకి అనలేదు.

ఆ వారమే పందెం మాట వచ్చింది. చాంద్రాయణగుట్ట దాటాక ఇనాయత్ నవాబుగారికి గుర్రాలు తిప్పిన మైదానం ఉంది. జాగీర్లు పోయినప్పుడు గుర్రాలు కూడా పోయాయి, మైదానం మిగిలింది. పాత కార్లున్న శౌకీన్లందరినీ పిలిచి ఆయన అక్కడ పందెం పెడుతున్నారు. ఏడు కార్లు, ఐదు చుట్లు.

"ఈ వయసుల మీకెందుకండీ" అన్నాను.

ఆయన కాసేపు చేతులు చూసుకున్నారు. "జీవితంల ఒక్కసారన్న ఎవర్నన్న దాటాలె కోమలం. ఒక్కన్ని చాలు" అన్నారు.

నాకు జాలేసింది. అయినా జాలి వేరు, వడియాలు వేరు. "సరే, పోండి. ఒక్కన్ని దాటినా కారు ఉంటది. ఆఖరికొస్తే మాత్రం అమ్మేసి నా ఎండ నాకియ్యాలె" అన్నాను. ఆయన పెరుమాళ్ళ పటం ముందు నిలబడి ఒప్పుకున్నారు. నేను ఆ సాయంత్రమే పది శేర్ల మినప్పప్పు తెప్పించి పెట్టుకున్నాను. అంత నమ్మకం నాకు.

ప్రతి కారులోనూ వెనక చూసి చెప్పడానికి రెండో మనిషి ఉండాలని నిబంధన. మా తమ్ముడు రామానుజం వస్తానని వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. తీరా పందెం పొద్దున కడుపు పట్టుకుని మంచం ఎక్కాడు. ఈయన ముఖం వాడిపోయింది. ఓడిపోయేది కళ్ళారా చూడవచ్చు కదా అని, నేనే తొమ్మిది గజాల చీర బిగించి వెనక సీట్లో ఎక్కాను. మా ఆయన చెవుల్లోకి గాలి పోకుండా మంకీ టోపీ, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకున్నారు. కన్నతల్లి చూసినా గుర్తుపట్టదు.

నవాబుగారు జేబురుమాలు ఊపారు. ఆరు కార్లు వెళ్ళిపోయాయి. మాది కూడా కాసేపటికి బయలుదేరింది.

మొదటి చుట్టు మేము దుమ్ము తప్ప ఏమీ చూడలేదు. పర్దాలు అన్ని పక్కలా వేసుకుని, సందులోంచి చూస్తూ కూర్చున్నాను. రెండో చుట్టులో దుమ్ములోంచి ఒక నల్ల కారు వెనక భాగం కనబడింది. మా ఆయన బుడ్డి హారన్ నొక్కారు. ఆ కారతను అద్దంలో చూశాడు. చూసీ చూడగానే కారును పక్కకు తీసి, దాదాపు ఆపేసి, తల అటు తిప్పుకున్నాడు. మేము దాటిపోయాం.

"దాటిన. కోమలం, దాటిన" అన్నారు మా ఆయన.

ఆ తల తిప్పుకున్న మనిషి ఎవరో నేను పర్దా సందులోంచి చూశాను. వకీలు విశ్వేశ్వర్. ఈయన కన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. కచేరీలో నకళ్ళ కోసం ఎంతమంది వరసలో ఉన్నా తోసుకుని వచ్చి, ఈయన బల్ల మీద చెయ్యి వేసి "పంతులూ, ముందు నాది" అనేవాడని ఈయన ఎన్నోసార్లు ఇంటికొచ్చి చెప్పారు. అలాంటివాడు దారి ఇవ్వడమేమిటని నాకు వింతగా తోచింది.

తరువాతి కారు కూడా పక్కకు తప్పుకుంది. అందులో ఉన్న పెద్దమనిషి నేలవైపు చూస్తూ సలాం చేశాడు. అప్పుడు నాకు వెలిగింది. మన పాతబస్తీలో పర్దాల కారంటే జనానా కారు. అందులో ఎవరో బేగంగారు ఉన్నట్టు లెక్క. మర్యాద తెలిసినవాడు దాని ముందు అడ్డం ఉండడు, దాని వైపు చూడనైనా చూడడు. పత్తర్‌గట్టిలో గోడవైపు తిరిగినవాళ్ళు నవ్వు దాచుకోలేదు, పాపం, అదబ్ చూపించారు. ఖాదర్ భాయ్ చెప్పింది గాలి శాస్త్రం కాదు.

నా చెయ్యి పర్దా మీదే ఉంది. పక్కకు లాగి నా ముఖం బయట పెడితే చాలు, శాలిబండ కోమలవల్లిని చూసి ఎవరూ బ్రేకు వేయరు. ఆఖరికి వస్తాం. కారు పోతుంది. ఎండ వస్తుంది. పది శేర్ల మినప్పప్పు ఇంట్లో ఉండనే ఉంది.

ముందు పర్దా సందులోంచి చూస్తే చిన్న అద్దంలో ఆయన కళ్ళు కనబడ్డాయి. నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు. పెళ్ళిలో తెర దించినప్పుడు కూడా ఆ కళ్ళలో అంత వెలుగు నేను చూడలేదు. ఆ సంగతికి కొంచెం కోపం కూడా వచ్చింది. అయినా చెయ్యి కదల్లేదు.

సరిగ్గా అప్పుడే ఆయన వీపు వెనకున్న పర్దా కమ్మీ ఒక కొస ఊడింది. ముందు కిటికీల గాలికి పర్దా పక్కకు పోతోంది. ఎదుటివాళ్ళకు అద్దంలో కనబడేది ఆ పర్దానే. నేను లేచి, కారు కప్పుకు తల ఆనించి, ఒక చేత్తో కమ్మీ ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఒక కొస, పళ్ళతో ఇంకో కొస పట్టుకున్నాను. మూడు చుట్లు అట్లాగే నిలబడ్డాను.

"ఎట్ల నడుపుతున్నా?" అని అడిగారాయన.

"ఊఁ" అన్నాను. నోట్లో మఖమల్ ఉంటే అంతకన్నా ఏమనగలను?

దూరాన మలుపులో పర్దాలు కనబడగానే ముందున్నవాళ్ళు ఆగిపోయారు, దారి ఇచ్చినవాళ్ళెవరూ మళ్ళీ మమ్మల్ని దాటలేదు. ఆరుగురినీ దాటి మొదట వచ్చాం. ఆయన దిగి, మంకీ టోపీ సర్దుకుని, రెండు చేతులూ చాపి నిలబడ్డారు. ఇనాయత్ నవాబుగారు వెండి కప్పుతో వచ్చారు. ఈయనను దాటి నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చి, కారుకు వీపు పెట్టి నిలబడి, కప్పును వెనక్కి, పర్దా వైపు చాపారు.

"ముబారక్ బేగం సాహెబా. మా వాళ్ళు ఆరుగురూ మీ సవారీకి దారి ఇచ్చారు. హైదరాబాదులో అదబ్ ఇంకా బతికే ఉంది." తరువాత మా ఆయన వైపు తిరిగి, "డ్రైవర్ కూడా మంచోడే" అన్నారు.

మా ఆయన చాపిన చేతులు మెల్లగా దిగిపోయాయి. ఆయన నావైపు చూడలేదు. చాలాసేపు కారు వైపు, పర్దాల వైపు చూశారు. తరువాత మంకీ టోపీ తీసేశారు.

"నవాబ్ సాబ్, నేను డ్రైవర్ని కాదు. లోపల ఉన్నది నా భార్య, మేం పర్దా పాటించేవాళ్ళం కాదు. ఈ కప్పు నాది కాదు. ఒక్క చుట్టు మళ్ల పెట్టిస్తరా?"

ముప్పై నాలుగేళ్ళలో ఆయన ఎవరినైనా ఏదైనా అడగగా నేను వినడం అదే మొదటిసారి.

నేను పర్దాలోంచే గుసగుసగా అన్నాను: "మనం అనుకున్న మాట అయిపోయింది. కారు ఉంటది. ఇంక ఊకోండి."

"అయిపోలేదు కోమలం. నేను ఎవర్నీ దాటలేదు."

ఇంక నేను చేయగలిగింది ఒకటే ఉంది. ఆ మఖమల్ పర్దాలు, ఆయన్ని ముట్టుకోనివ్వని పర్దాలు, ఒక్కొక్కటే లాగి కింద పడేసి, దిగి నవాబుగారికి నమస్కారం చేశాను. ఆయన ఇంకా కారుకు వీపు పెట్టే ఉన్నారు. తిరిగి చూడొచ్చని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

విశ్వేశ్వర్ దగ్గరికి వచ్చి కళ్ళు చికిలించి చూశాడు. "అరె, మన పంతులేనా? నీకోసమా నేను కారు ఆపింది" అన్నాడు.

రెండో పందెంలో ఎవరూ తప్పుకోలేదు. ఐదు కార్లు కనబడకుండా పోయాయి. విశ్వేశ్వర్ నల్ల కారు మాత్రం కాస్త ముందుంది, అది కూడా మా కారంత ముసలిదే. మా ఆయన హారన్ నొక్కితే అతను సరిగ్గా దారి మధ్యకు వచ్చి అక్కడే ఉన్నాడు. ఎడమకు పోతే ఎడమకు, కుడికి పోతే కుడికి. ఆఖరి మలుపు వచ్చింది. మలుపు బయటి అంచున తుమ్మ పొదలు, వాటికి భయపడి ఎవరూ అటు పోలేదు.

నేను ముందు సీటు పట్టుకుని కూర్చున్నాను. నా వడియాలు, నా ఎండ, ఏవీ గుర్తులేవు. లోపల మాత్రం, పెరుమాళ్ళూ, ఈ ఒక్కన్ని, ఈ ఒక్కన్ని అనుకుంటున్నాను.

మా ఆయన తుమ్మల్లోకి తిప్పారు. కొమ్మలు కారును గీసుకుంటూ పోయాయి, ఒకటి నా కొప్పులో ఇరుక్కుని పువ్వులతో సహా వెళ్ళిపోయింది. ఒక్క క్షణం రెండు కార్లూ పక్కపక్కన ఉన్నాయి. మా ఆయన తల బయట పెట్టారు.

"వకీల్ సాబ్, ముందు నాది" అన్నారు.

జానెడు తేడాతో ఆరో వాళ్ళుగా వచ్చాం. ఏడుగురిలో ఆరు. ఆరోవాడికి కప్పు లేదు, దండ లేదు, ఎవరూ చప్పట్లు కూడా కొట్టలేదు. ఖాదర్ భాయ్ ఒక్కడు వచ్చి తుమ్మముళ్ళు ఏరుతూ, "పర్దాలుంటే గిట్ల కాకపోతుండె సాబ్" అని బాధపడ్డాడు.

తిరుగు దారిలో పర్దాలు లేని మా కారుకు ఎవరూ దారి ఇవ్వలేదు. టాంగాలు దాటాయి, రిక్షాలు దాటాయి, చివరికి పాలవాడు సైకిలు మీద దాటి దండం పెట్టాడు. ఇల్లు చేరేసరికి గంటన్నర పట్టింది. దాటిన ప్రతివాడికీ మా ఆయన చెయ్యి ఊపి "మీరు కానీయండి" అంటూనే ఉన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుమ్మని చెప్పాను.

మర్నాడు పర్దాలు మడత పెడుతూ ఆయన ఒక కొస దగ్గర ఆగారు. మఖమల్ మీద వరసగా పళ్ళ గాట్లు.

"ఇదేంది కోమలం, ఎలుక కొరికిందా?"

"ఎలుకనే" అన్నాను, పప్పు రుబ్బుతూ తల ఎత్తకుండా.

ఆయన ఆ గాట్లను వేలితో ఒకటొకటిగా తడిమి చూశారు. బయటికి వెళ్ళి, కారును ఎంతో కష్టపడి, ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు నడిపి, గోడ నీడలోకి జరిపారు. తరువాత గుడ్డ తడిపి తెచ్చి, ఎండ పడుతున్న నేలను తుడిచి, నా వడియాల చాప తెచ్చి పరిచారు.