వేలమ్మ ఎనిమిదో అర్జీ

ఆపరేషన్ అయిన రోగిని మత్తు దిగే గదిలోకి తీసుకొచ్చేసరికి ఆ నర్సు సిద్ధంగా ఉండేది. రోగి మూడు వేళ్లనే అతని రెండో చేతి మణికట్టు గీత కింద అడ్డంగా ఆనించి కొలత చూసేది. ఆ కొలత కింద, రెండు నరాల మధ్య తన బొటనవేలు పెట్టి నొక్కేది. వాంతులూ వికారమూ ఆ దరిదాపులకి వచ్చేవి కావు. ఆ కిటుకు ఎవరైనా నేర్చుకోవచ్చు. ఈవిడతో వచ్చిన చిక్కల్లా, లోపలున్న వికారం పూర్తిగా పోయేదాకా వేలు ఊడి వచ్చేది కాదు. ఒకరికి పది నిమిషాలు, ఇంకొకరికి మూడు గంటలు. అందుకే అందరూ ఆవిడని వేలమ్మ అనేవాళ్లు. వేలు అంటుకున్నప్పుడు ఆయా వచ్చి నోట్లో రొట్టెముక్క పెట్టి, ముక్కు దురదపెడితే గోకి, తన పని తాను చూసుకునేది.

కిటికీ లేని ఆ గదిలో వేలమ్మకి తొమ్మిదేళ్లుగా ఊపిరాడటం లేదు. బడి వదిలాక ఎనిమిదేళ్ల కూతురు పక్కింటి మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చునేది. మూడింటికే మూసేసే ఓపీకి మార్చమని వేలమ్మ ఏడుసార్లు అర్జీ పెట్టుకుంది. "నేను పంపుతూనే ఉన్నానమ్మా, పైవాళ్లలోనే చలనం లేదు" అనేది సూపరింటెండెంట్ మేడం.

"నీ వేలు ఆ రోగులకే అంటుకుంటుందా అమ్మా?" అని కూతురు ఒకరోజు అడిగింది.

ఎనిమిదో అర్జీ ఇచ్చిన వారానికే మేడంకి పిత్తాశయంలో రాళ్లు తీశారు. వేలమ్మ కొలత చూసి వేలు పెట్టింది. గంటలో మేడం తేరుకుంది.

"నాకు బాగానే ఉంది. ఇక వదులు."

"నేను పట్టుకోలేదు మేడం. అదే రావట్లేదు. లోపల ఇంకా ఏదో ఉన్నట్టుంది."

డాక్టరు వచ్చి చూసి, అంతా బాగుందని చెప్పి వెళ్లాడు. ఇంకో రెండు గంటలు గడిచాయి. మేడం నాలుగు గోడలూ చూసింది, మళ్లీ చూసింది.

"ఈ గదికి కిటికీ లేదా?"

"లేదు మేడం."

మేడం తన మణికట్టుకి అంటుకున్న వేలి వైపు చూసింది. "నీ అర్జీలు ఒక్కటీ పంపలేదు" అంది చివరికి. "నా సొరుగులోనే ఉన్నాయి. నువ్వు పోతే ఈ గది ఏమైపోతుందోనని భయపడ్డాను."

వేలు ఊడి వచ్చింది.

వేలమ్మకి ఒళ్లు మండిపోయింది. నోటికి ఎన్నో మాటలొచ్చాయి గానీ ఒక్కటే అనగలిగింది. "మా అమ్మాయి తన జడ తనే వేసుకోవడం నేర్చేసుకుంది మేడం."

ఎనిమిదో అర్జీ మర్నాడే పైకి వెళ్లింది. బదిలీ వచ్చింది. ఓపీకి మారేముందు వేలమ్మ ఆరుగురు నర్సులకి కొలత నేర్పింది. వాళ్ల వేళ్లు ఎవరికీ అంటుకోలేదు, అయినా రోగులకి వాంతులు కాలేదు. ఈ మాత్రానికా తొమ్మిదేళ్లు పోయాయని ఆవిడ ఆ సాయంత్రం కుళ్లి కుళ్లి ఏడ్చింది.

ఓపీలో చేరిన మొదటిరోజు బడి దగ్గర కూతుర్ని ఎక్కించుకుని బస్సులో బయల్దేరింది. రెండు మలుపులు తిరిగేసరికి పిల్ల మొహం పాలిపోయింది. "అమ్మా, కడుపులో తిప్పుతోంది."

వేలమ్మ ఆ చిన్న వేళ్లు మూడింటితో కొలిచి, బొటనవేలు పెట్టింది.

స్టాపు వచ్చింది. పిల్ల మొహం ఎప్పుడో తేటపడింది గానీ వేలు రాలేదు. ఇద్దరూ అలాగే దిగి, అలాగే నడిచి ఇల్లు చేరారు. తాళం కూతురే తీసింది, ఖాళీగా ఉన్న చేత్తో.