వర్జిల్ తుపాకికి రాగి గుండ్లు

లైల్ ప్రూవెట్ ఆరో తూటా ఇత్తడి డొప్పలో తుపాకిమందు పోసి, పైన రాగి గుండు నిలబెట్టి, ప్రెస్ పిడిని మెల్లగా కిందికి దించాడు. పొడవు కొలిచాడు. కిందటి వారం చేసిన వాటికన్నా గుండు వెంట్రుకవాసి లోపలికి దిగింది. ఇవాళ మార్చింది అదొక్కటే. మందు తూకం ముట్టుకోలేదు.

గ్యారేజీ గుమ్మంలో అన్న వర్జిల్ కాఫీ కప్పుతో నిలబడ్డాడు.

"పంపుల్లో రాగితీగలు కొట్టేసే దొంగలు నయంరా. వాళ్లు అమ్ముకునైనా తింటారు. నువ్వు రాగిని మట్టిలోకి పేలుస్తావు."

లైల్ తూటాను తుడిచి పెట్టెలో పెట్టాడు. అరవై ఒక్కేళ్ల మనిషి. ముప్పై నాలుగేళ్లుగా ఆ చుట్టుపక్కల పశువుల కొట్టాలకు నీటి పంపులు బాగుచేస్తున్నాడు. వేళ్ల పగుళ్లలో గ్రీజు నల్లగా పేరుకుపోయింది. పెళ్లి కాలేదు. చాలామందికి అతని పేరు తెలియదు, 'పంపులాయన' అంటారు. తండ్రి పోతూ తుపాకి పెద్దవాడికిచ్చాడు. దాన్ని తుడిచి, నూనె రాసే పని చిన్నవాడికి మిగిలింది. రెండో పెళ్లి కూడా చెడ్డాక వర్జిల్ ఆ తుపాకితో ఈ ఇంటికి చేరి ఎనిమిదేళ్లయింది. ఎనిమిదేళ్లూ తగువే.

కాలిఫోర్నియాలో వేటకు సీసం గుండు వాడకూడదు. వేటాడిన జంతువు పేగుల్లోని సీసం తిని కొండ రాబందులు చస్తున్నాయని చట్టం. కొట్లో కొన్న రాగి తూటాలు ఈ తుపాకితో పేలిస్తే గురి కాగితం మీద అరచేతి మేర చెదిరిపడ్డాయి. "నేను సీసమే పేలుస్తా, ఎవడొస్తాడో రానీ" అన్నాడు వర్జిల్. అటవీ అధికారి వస్తే తుపాకి పట్టుకుపోతాడని లైల్ భయం. అందుకే ఈ తుపాకికి కుదిరే రాగి తూటా కోసం ఏప్రిల్ నుంచి ఈ పని.

మధ్యాహ్నానికి ఒక పంపు బిగించి, పక్కనే ఉన్న ఎండు వాగులోకి దిగాడు. వంద గజాల దూరంలో కాగితం కట్టాడు. పాత గుండ్ల మకిలి పోయేదాకా తుపాకి గొట్టాన్ని రాత్రే తోమి ఉంచాడు. ఒకటి పేల్చి, గొట్టం మీద చెయ్యి వేసి చల్లారిందనుకున్నాక మరొకటి. అలా ఆరు. వెళ్లి చూస్తే ఆరు చిల్లులూ బొటనవేలి కింద దాగేలా ఉన్నాయి. లైల్ పైకే నవ్వాడు. గట్టు మీది ఆవు మేత ఆపి అతన్ని చూసింది.

ఇంటికొచ్చేసరికి వర్జిల్ పికప్ బండిలో పెట్టెలు సర్దుతున్నాడు. లైల్ కాగితాన్ని బండి ముందు రేకు మీద పరిచాడు.

"చూడు."

"గాలి లేదేమో."

"ఉంది. ఆరూ అక్కడే పడ్డాయి."

వర్జిల్ దాని వైపు ఒకసారి చూసి మళ్లీ తాడు బిగించాడు. "నెవాడా పోతున్నా. కూతురు వెనక గది ఇస్తానంది. అక్కడ సీసం వాడితే అడిగేవాడు లేడు."

"వచ్చే శనివారమే వేట మొదలు. నీకు పర్మిట్టు కూడా వచ్చింది."

"నువ్వు చేసిన తూటాతో జింకని కొట్టి, బతికినన్నాళ్లూ నీ మాటే నెగ్గిందని వినాలా?"

"నేనెప్పుడైనా ఏమన్నా అన్నానా?"

"అనవు. అదేరా నాకు ఒళ్లు మండేది."

లైల్ తుపాకి తెచ్చి ఇచ్చాడు. "ఈ కొలత ఈ గొట్టానికే కుదిరింది. రాసిస్తా, పట్టుకెళ్లు."

"నీ రాత నాకెందుకు?"

"అయితే సీసంతోనే పాడుచేసుకో, పో. నాన్న మంచాన పడ్డ ఏడాదంతా చాకిరీ చేసింది నేను. నువ్వు రెండుసార్లొచ్చావు."

"అవును. తుపాకి ఎవరికిచ్చాడు మరి?"

వర్జిల్ తుపాకిని మోకాలి మీద పెట్టుకుని, దాన్ని భుజాన తగిలించుకోవడానికి లైల్ కుట్టిచ్చిన తోలు పట్టీ కొక్కేలు ఒక్కొక్కటే విప్పాడు. పట్టీని వరండా కమ్మీ మీద పడేసి బండెక్కాడు. మలుపు దాటేదాకా వెనక్కి చూడలేదు.

ఎర్రదుమ్ము మెల్లగా సర్దుకుంది. కమ్మీ మీద తోలు పట్టీ, ఒకే భుజానికి వేలాడి వేలాడి తిరిగిన వంపుతో, అలాగే ఉండిపోయింది.