కంపెనీ ఫిట్టింగు

నేను ఒక గేరు రాడ్డును. మోటారు సైకిలుకు ఎడమ పక్కన, కింద, బురద చిమ్మే చోట ఉండేదాన్ని. బండి గురించి మాట్లాడేవాళ్ళు ట్యాంకు రంగు గురించి మాట్లాడతారు, హెడ్‌లైటు గురించి మాట్లాడతారు, ఆఖరికి హారను గురించి కూడా మాట్లాడతారు. నా ఊసెత్తినవాడు లేడు. నన్ను తొక్కేవారంతే. ఇప్పుడు రాజమండ్రి వెళ్ళే రోడ్డు పక్కన పాత ఇనుము కొట్లో తుప్పు గొలుసుల మీద పడి ఉన్నాను కాబట్టి తొక్కేవాళ్ళు కూడా లేరు. బోలెడు తీరిక దొరికింది. ఈ తీరికలో వద్దన్నా ఒకావిడ పాదమే గుర్తొస్తోంది.

ముందు నా ఆకారం చెప్పాలి, లేకపోతే ఆవిడ సంగతి మీకు అర్థం కాదు. నాకు ముందొక పలక, వెనకొక పలక. ముందు పలకను కాలి వేళ్ళతో నొక్కితే గేరు పడుతుంది. వెనక పలకను మడమతో నొక్కితే గేరు తగ్గుతుంది. నడుమ ఒక గుండ్రటి కన్నం, ఆ కన్నం లోపల చుట్టూ సన్నటి పళ్ళు. ఇంజనులోంచి బయటికొచ్చే కడ్డీకి కూడా అలాంటి పళ్ళే ఉంటాయి. వాటిలో వీటిని కూర్చోబెట్టి బోల్టు బిగిస్తే నేనిక జారను. అదే బోల్టు తీసి నన్ను బయటికి లాగి, ఒక పన్ను పైకో కిందికో జరిపి మళ్ళీ తొడగొచ్చు. పొడుగు కాళ్ళు, పొట్టి కాళ్ళు, బూట్ల కాళ్ళు, చెప్పుల కాళ్ళు, ఎవరి కాలికి తగ్గట్టు వాళ్ళు పెట్టుకోవడానికే నాకు ఆ పళ్ళు. నన్ను చేసినవాడెవడో గానీ ఆ ఒక్క విషయంలో బుర్ర పెట్టి చేశాడు.

బిగించినవాడు మాత్రం పెట్టలేదు. ఫ్యాక్టరీలో నన్ను బండికి తొడిగిన మనిషి ఆ పూట పక్కవాడితో క్రికెట్ గొడవలో మునిగి ఉన్నాడు. ముందు రోజు ఎవరో తేలికైన క్యాచ్ వదిలేశారట. కళ్ళు పక్కవాడి మీద, నోరు ఆ క్యాచ్ మీద పెట్టి, చేతికి ఎలా వస్తే అలా నన్ను కడ్డీకి ఎక్కించి బోల్టు బిగించేశాడు. ఉండాల్సిన చోటు కంటే ఒక పన్ను పైన కూర్చున్నాను. తర్వాత తనిఖీకి వచ్చినాయన బండి చుట్టూ తిరిగి చూశాడు గానీ నా దగ్గర వంగలేదు.

బండిని కడియపులంకలో గంగరాజు కొన్నాడు. రైసు మిల్లులో గుమస్తా, పొడుగు మనిషి, పెద్ద పాదం. చెడ్డవాడని అనలేను. కాకపోతే కొత్త వస్తువంటే ఆయనకు ఒళ్ళంతా భక్తి. సీటు మీది ప్లాస్టిక్ కవరు చిరిగి పేలికలై వేలాడేదాకా తియ్యలేదు. ట్యాంకు మీది స్టిక్కరు ఎండకు తెల్లబడిపోయినా పీకలేదు. పనిముట్ల సంచీ సైడు కవరు లోపల సీలు కూడా విప్పకుండా అలాగే ఉంది. దసరాకు నాకు కూడా పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. బండిలో ఏది మార్చమని ఎవరన్నా ఒకటే జవాబు: "కంపెనీ ఫిట్టింగు. ముట్టుకోకూడదు."

ఆయన కళ్ళకద్దుకుంటున్నది వదిలేసిన క్యాచ్ తాలూకు గొడవనే అని నాకు తెలుసు. ఆయనకు తెలియదు. కాలికి మాత్రం తెలుస్తూనే ఉంది. గేరు వేసిన ప్రతిసారీ ఆ పెద్ద పాదం కూడా ఫుట్ రెస్టు మీంచి కాస్త లేవాల్సి వచ్చేది. సాయంత్రానికి చీలమండ పట్టేసేది. అరుగు మీద కూర్చుని నొప్పుల మందు రుద్దుకుంటూ "చలిగాలికి" అనేవాడు. మే నెలలో కూడా అలాగే అనేవాడు. తన ఒంటినైనా అనుమానించాడు గానీ కంపెనీని అనుమానించలేదు.

భూలక్ష్మి ఆయన భార్య. పొట్టి మనిషి, చేతుల్లో మంచి పని ఉంది. అబ్బులు గారి నర్సరీలో మామిడికీ గులాబీకీ అంట్లు కట్టేది. ఆవిడ కట్టిన అంటు ఎండిపోవడం అరుదని వెనక సీటు మీద కూర్చున్నవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఒక రోజు పని నుంచి వస్తూ ఆవిడే గంగరాజు చెవి దగ్గర చెప్పింది.

"ఏవండీ, అబ్బులు గారు మూడు తోటలకీ ఒక మేస్త్రిని పెడతారంట. నన్ను చూడమంటున్నారు."

"మంచిదేగా."

"తోట తోటకీ తిరగాలంట. బండి నేర్చుకుంటే వానలు తగ్గగానే అప్పజెబుతానన్నారు."

గంగరాజు ఎదురొచ్చిన బస్సును తప్పించాడు. ఆ తర్వాత, "నేర్పుతాలే" అన్నాడు. ఆ మాటకు భూలక్ష్మి వెనక సీటు మీద సర్దుకుని కూర్చుంది. ఇంటి దగ్గర దిగేటప్పుడు బండిని ఒకసారి ముందు నుంచి వెనక దాకా చూసింది. అంతవరకూ ఆవిడ దాన్ని అలా చూడలేదు.

పొద్దున్నే కాలవ గట్టు మీద పాఠాలు మొదలయ్యాయి. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపి, పైన ఆయన పాత చొక్కా తొడుక్కుని, కాళ్ళకు హవాయి చెప్పులతో వచ్చేది. క్లచ్చు రెండో రోజుకే వచ్చేసింది. బండిని నిలబెట్టడం, మలపడం కూడా వచ్చాయి. రానిదల్లా నా దగ్గరే. ఆవిడ పాదం ఫుట్ రెస్టు మీద పెడితే నా ముందు పలక ఆవిడ వేళ్ళకు బాగా పైన ఉండేది. గేరు వెయ్యాలంటే కాలు మొత్తం గాల్లోకి లేపాలి, నేనెక్కడున్నానో వంగి చూడాలి. చూసేసరికి బండి గట్టు అంచుకు పోయేది, ఇంజను ఆగిపోయేది. గంగరాజు వెనక పరిగెడుతూ "గేరు, గేరు" అని అరిచేవాడు. పాపం, ఆయనకూ ఆయాసమే.

చెప్పడానికి నాకు నోరు లేదు. ఉంటే ఒక్క మాట చాలు.

ఆవిడ ఊరుకునే మనిషి కాదు. మధ్యాహ్నం గంగరాజు మిల్లులో ఉన్నప్పుడు, ఆయన సైకిలు మీద వెళ్ళిన రోజుల్లో, పెరట్లో స్టాండు వేసి ఉన్న బండి ఎక్కి నన్ను తొక్కుతూ కూర్చునేది. బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయింది. ఒకసారి కోపం వచ్చి దిగి, కింద కూర్చుని, రెండు చేతులతో నన్ను కిందికి నొక్కింది. నేను ఎక్కడిదాన్ని అక్కడికే మళ్ళీ లేచాను. అప్పుడావిడకు ఒక ఆలోచన వచ్చింది. గంగరాజు బూట్లు తెచ్చి, వాటిలో గుడ్డలు కుక్కి తొడుక్కుంది. మందపాటి అట్టల వల్ల కాలు ఎత్తయింది. వేళ్ళకు నేను అందాను.

మర్నాడు పొద్దున్న ఆ బూట్లతోనే కాలవ లాకుల దాకా వెళ్ళి వచ్చింది. గంగరాజు పరిగెత్తాల్సిన పని లేకపోయింది. గట్టు మీద నిలబడి చూస్తూ నవ్వాడు కూడా. నా జీవితంలో నేను మంచి పని చేశాననిపించిన పొద్దు అది. తిరిగి వచ్చేటప్పుడు, నర్సరీ ముందు మలుపులో, ఆ పెద్ద బూటు ముక్కు నా పలక కింద ఇరుక్కుంది. ఆవిడ కాలు లాగింది, రాలేదు. మట్టి నింపి వరసగా పేర్చిన మొక్కల సంచుల మీదికి బండితో సహా వెళ్ళి పడింది. దెబ్బలేం తగల్లేదు. కానీ పనికొచ్చినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఆ బూట్లు చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. అబ్బులు గారు నవ్వలేదు, మొక్కల సంచులు మాత్రం వంగి ఎత్తి పెట్టుకున్నారు.

బండిని సర్దించడానికి గంగరాజు మెకానిక్ సూరిబాబు షెడ్డుకు తీసుకెళ్ళాడు. సూరిబాబు హ్యాండిలు తిన్నగా చేసి, చెయ్యి తుడుచుకుంటూ నా వైపు చూశాడు.

"గంగరాజు గారండి, గేరు రాడ్డు కాస్త పైకుందండి. ఒక పన్ను దించితే అమ్మగారికి అందుద్ది. మీక్కూడా హాయిగా ఉంటదండి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. స్పానర్ సూరిబాబు చేతిలోనే ఉంది.

"వద్దు. కంపెనీ ఫిట్టింగు అది. ముట్టుకోకు."

"తమరిష్టం," అన్నాడు సూరిబాబు. ఖాతాదారుతో వాదన పెట్టుకుంటే షెడ్డు నడవదు మరి. స్పానర్ డబ్బాలో పడేసిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తున్నట్టే ఉంటుంది.

ఇంటికొచ్చాక భూలక్ష్మి అడిగింది, సూరిబాబు ఏమన్నాడని. బండికేం కాలేదన్నాడు గంగరాజు. ఆ తర్వాత మెల్లగా, నిజంగా ఓదార్చాలనే అనుకుని, "నీ కాలికి బలం చాలదే. కొందరికి రాదంతే, బాధపడకు" అన్నాడు. ఆవిడ తన పాదం వైపు చూసుకుంది. గోరు ఇంకా నల్లగానే ఉంది. "అంతేనేమోలెండి" అంది. తిట్టయితే ఎవరైనా ఎదిరించగలరు. ఇది ప్రేమగా చెప్పిన మాట కాబట్టి ఆవిడ నమ్మేసింది. నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది అదే.

వానలు తగ్గాక మూడు తోటలనూ పక్క ఊరి నుంచి మోపెడ్ మీద వచ్చే ఒకతనికి అప్పజెప్పారు. భూలక్ష్మి అదే నర్సరీలో, అదే నీడలో కూర్చుని అంట్లు కడుతూ ఉండిపోయింది. ఎవరైనా బండి సంగతి ఎత్తితే తానే ముందుగా నవ్వేసి, "నా కాలు పనికి రాదమ్మా" అనేది. వెనక సీటు మీంచి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ నా పళ్ళు కొరుక్కోవాలనిపించేది. అవి కడ్డీలో బిగుసుకుని ఉన్నాయి, కొరుక్కోవడానికైనా కదలాలి గదా.

ఏళ్ళు గడిచాయి. గంగరాజు చీలమండ నొప్పి ముదిరి నడకలోకి దిగింది. డాక్టరు గేర్ల బండి మానెయ్యమన్నాడు. ఆయన గేర్లు లేని స్కూటరు కొన్నాడు, దాని సీటుకు ఉన్న ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచాడు. "ఇది నీక్కూడా తేలికే, నేర్చుకోవే" అన్నాడు భార్యతో. "ఇప్పుడెందుకండీ, తిరిగే పని ఏముంది నాకు" అంది భూలక్ష్మి.

పాత బండి కొనడానికి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే దావీదు వచ్చాడు. కుదురైన కుర్రాడు, పొట్టిగా ఉంటాడు. మాటలన్నీ అయ్యాక, ఇంటి ముందు స్టాండు మీద ఉన్న బండి ఎక్కి నన్ను రెండుసార్లు నొక్కి చూశాడు. ముఖం చిట్లించాడు. సైడు కవరు తీసి, పనిముట్ల సంచీ బయటికి లాగి, సీలు పళ్ళతో చింపాడు. లోపల స్పానర్లు తళతళలాడుతున్నాయి.

"అది కంపెనీ ఫిట్టింగు బాబూ," అన్నాడు గంగరాజు అలవాటు కొద్దీ.

"అవునండి. ఇదీ కంపెనీ వాళ్ళిచ్చిందేనండి," అని స్పానర్ చూపించాడు దావీదు. అతనిలో వెటకారం ఏమీ లేదు, ఉన్న మాట చెప్పాడు. బోల్టు మొదట్లో మొరాయించింది. తర్వాత వదిలింది. నన్ను బయటికి లాగి, ఒక పన్ను కిందికి జరిపి, తొడిగి బిగించాడు. మీరు ఈ పేరా చదివినంతసేపు కూడా పట్టలేదు.

భూలక్ష్మి నర్సరీకి బయల్దేరుతూ, అంట్ల కత్తి ఉన్న సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మంలో నిలబడి చూస్తోంది. మెట్లు దిగి దగ్గరికి వచ్చింది.

"ఏం బాబూ, అది కదులుద్దా?"

"కదలకపోతే ఎలాగండి. అందరి కాళ్ళూ ఒకే కొలతుంటాయా?"

ఆవిడ కాసేపు నన్ను చూస్తూ నిలబడింది. "ఒక్కసారి ఎక్కి చూడనా?" అని అడిగింది. దావీదు పక్కకు జరిగాడు.

చీర సర్దుకుని ఎక్కింది. అవే హవాయి చెప్పులు. పాదం ఫుట్ రెస్టు మీద పెట్టింది. వేళ్ళు వాటంతటవే వచ్చి నా పలక మీద ఆనాయి. వంగి చూడలేదు, కాలు లేపలేదు. క్లచ్చు పట్టి నొక్కింది. టక్కుమని గేరు పడింది. మడమతో నొక్కింది, తగ్గింది. మళ్ళీ నొక్కింది.

అప్పుడు తలెత్తి భర్త వైపు చూసింది. "మీకు తెలుసా అండీ, ఇది కదులుద్దని?"

గంగరాజు స్కూటరు అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తూ, "అప్పుడెప్పుడో సూరిబాబు అన్నాడు. కంపెనీ వాళ్ళు పెట్టింది గదా అని..." అన్నాడు.

భూలక్ష్మి గేరు తగ్గించి, బండి దిగింది. కింద పడి ఉన్న స్పానర్ తీసి పనిముట్ల సంచీలో పెట్టి దావీదుకు అందించింది.

"నా కాలికేం తక్కువ లేదండీ," అంది. గొంతు పెంచలేదు.

"ఉండు, స్కూటరు మీద దింపుతాను."

"నడుస్తానండి."

వెళ్ళిపోయింది. రోడ్డు మలుపు దాకా ఆవిడ నడక కనిపిస్తూనే ఉంది. గంగరాజు గుడ్డ చేతిలో పట్టుకుని అటే చూస్తూ నిలబడ్డాడు. ఆయన మీద నాకు అప్పుడు కోపం రాలేదు. జాలి కూడా రాలేదనుకోండి.

దావీదు నన్ను చాలా కాలం వాడుకున్నాడు. అతని తర్వాత ఇంకెవరో బోల్టు వదులుగా ఉన్నా పట్టించుకోకుండా తిప్పి తిప్పి నా పళ్ళన్నీ అరగదీశారు. ఇప్పుడు నన్ను ఎటు పెడితే అటు తిరుగుతాను. కదలాల్సిన రోజుల్లో కదలలేదు, ఇప్పుడు ఎక్కడా నిలవలేను. అందుకే ఈ ఇనుము కొట్టుకు వచ్చాను, రేపో మాపో కొలిమికి పోతాను. దానికి విచారం లేదు. ఇనుముకు అది మామూలే.

నా మీద ఎన్ని పాదాలు ఎన్నిసార్లు పడ్డాయో నాకు గుర్తు లేదు. ఆవిడ పాదం మాత్రం ఒక్క పూట తేలిగ్గా, సరిగ్గా, ఎలా పడాలో అలా పడింది. అప్పుడు బండి స్టాండు మీద ఉంది.