గడ్డం మీద మసి

పుట్టింటి నుంచి అత్తగారికి దక్కింది ఒక్క పటమే. ఆ పటం చూపించుకుంటూనే ఆవిడ ఇన్నేళ్లూ కోడలి మీద పెత్తనం చేసింది. పటంలో ఒక గది ఉంటుంది. పట్టుబట్టలు కట్టుకున్న ఒకావిడ కుర్చీలో కూర్చుని ఉత్తరం చదువుతుంటుంది. వెనకాల చీపురు పట్టుకున్న పనిమనిషి, ముఖం ఆనవాలు తెలియనంత పొగచూరిపోయి ఉంటుంది. మధ్యలో కుక్క. కూర్చున్నావిడే తన నానమ్మ అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. "రక్తం ఎక్కడికి పోతుంది!" అనేది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలేది. కోడలి తల్లి నాలుగిళ్లలో అంట్లు తోముతుంది మరి.

రేపు అత్తగారి అరవయ్యో పుట్టినరోజు. ఇంటినిండా చుట్టాలు వస్తున్నారు. "మీ అమ్మకెందుకులే శ్రమ, ఇంకోసారి రమ్మను," అని ఆవిడ నిన్ననే తేల్చేసింది. పాత పటాలు శుభ్రం చేయడమే కోడలి ఉద్యోగం గనక ఈ పటాన్ని మెరిపించే పనీ ఆమె నెత్తినే పడింది.

దూది తడిపి కింది మూల నుంచి తుడుచుకుంటూ వచ్చింది. ముందు కుక్క బయటపడింది. ఇలాంటి బొమ్మల్లో కుక్కని ఊరికే పెట్టరు. ఇది కుర్చీ వంక చూడటంలేదు, చీపురు పట్టుకున్నావిడ వంక ఆశగా చూస్తోంది. తిండి పెట్టేదెవరో దానికి బాగా తెలుసు. తర్వాత ఆ పనిమనిషి ముఖం సగం తేలింది. గడ్డం మధ్యలో లోతైన నొక్కు. కూర్చున్నావిడ గడ్డం చూస్తే నున్నగా ఉంది. ఆ నొక్కు అత్తగారికి ఉంది, ఆవిడ కొడుక్కీ ఉంది.

"అయిందా?" అంటూ అత్తగారు వచ్చింది. చూసింది. వెనక్కి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"అక్కడ మళ్లీ కాస్త మసి పులిమెయ్యవే," అంది గొంతు తగ్గించి. "రేపు మీ అమ్మనీ రమ్మందాంలే."

కోడలు రెండు దూది ఉండలు ఆవిడ ముందుంచింది.

"మా అమ్మని పిలిస్తే మనసారా పిలవండి అత్తయ్యా, మసితో బేరం పెట్టకండి. ఇది మసి దూది, ఇది తడి దూది. ఏది కావాలో మీరే తీసుకోండి."

అత్తగారు కళ్లజోడు సర్దుకుని తడి దూది అందుకుంది. మిగిలిన ముఖం తుడవడం మొదలుపెట్టింది.

"గట్టిగా రుద్దకండి, రంగు లేచిపోతుంది."

"మా నానమ్మ ముఖం తుడవడం నువ్వు నాకు నేర్పక్కర్లేదు," అంది అత్తగారు. తుడుస్తూనే, "మీ అమ్మకి ఫోన్ కలిపి ఇటివ్వు. నేనే పిలుస్తాను," అంది.