నిలకడలేని మిరియపు గింజ

నేను ఒక నల్లపూసని. మిరియపు గింజంత ఒళ్ళు, రెండు సన్నటి తీగల కాళ్ళు. ఒంటి మీద పేరు లేదు, అంకె లేదు. అదంతా మా అన్నయ్య రెసిస్టరు పుణ్యం. ఫ్యాక్టరీలో ఉన్న రంగులన్నీ వాడే పూయించుకున్నాడు. తెల్లగీత, గోధుమగీత, ఎర్రగీత, చాలదన్నట్టు బంగారుగీత! నా వంతు వచ్చేసరికి డబ్బా ఖాళీ. వాణ్ణి చూడగానే విలువ ఎంతో చెప్పేస్తారు. నన్ను చూసి "ఇదేమిటి?" అంటారు.

పని మాత్రం నాదే గొప్పది. నేను వేడి కనిపెట్టే థర్మిస్టర్‌ని. వేడి పెరిగితే నా అంకె, అంటే కరెంటును నేను అడ్డుకునే లెక్క, తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. అన్నయ్య ఎండైనా వానైనా ఒకటే అంకె చెబుతాడు.

కోఠిలో ఒక దుకాణం సొరుగులో ఏడాది పడుకున్నాక గుడ్లు పొదిగే పెట్టెలో ఉద్యోగం దొరికింది. నా మాట విని అందులోని సర్క్యూట్ బోర్డు బల్బు వెలిగిస్తుంది, ఆర్పుతుంది. ఆ పెట్టె తణుకులో దమయంతి గారింటికి చేరింది. ఆవిడ ముద్దుగా పెంచుకున్న నల్ల కోడిపెట్టను ముంగిస ఎత్తుకుపోయింది. మిగిలినవి దాని పన్నెండు గుడ్లే.

అవి మా పెట్టెలో చేరిన పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం నా ఎడమకాలి దగ్గర టంకం బీటవారింది. నా మాట అందక బోర్డు బల్బు ఆర్పేసింది. ఇంకో మూడు రోజుల్లో పిల్లలు కావలసిన గుడ్లు! దమయంతి గారు వాటిని పాతచీరలో చుట్టి, వేడినీళ్ళ సంచీ మీద పెట్టి, ఒక్కో గుడ్డూ కనురెప్పకు ఆనించి వెచ్చదనం చూస్తూ కూర్చున్నారు.

రిపేరుకు ఆవిడ భర్త భుజంగరావు గారు దిగారు. ముప్పయ్యేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటరు రీడింగులు రాసుకున్న మనిషి. ఇంట్లో తీగ ఉన్న ప్రతి వస్తువూ ఆయన హయాంలోదే. టంకం కరిగించి నన్ను ఊడబెరికి, అంకె చూపే చేతి మీటరుకు తగిలించారు. ఆ వేడికి మూడన్నాను. చల్లారి తొమ్మిదన్నాను. ఆయన వేళ్ళ మధ్య నొక్కితే ఆరుకు దిగాను.

"చూశావుటే! రీడింగు వెనక్కి తిరుగుతోంది. అంటే ఎవరో మీటరు తిప్పేసినట్టే. ఇలాంటి దొంగల్ని ఎంతమందిని పట్టుకున్నానో!"

"ఇక్కడ దొంగెవరండీ? గుడ్లా?"

"వెటకారం తర్వాత. పేరైనా లేనిదాన్ని నమ్మడమేమిటి?"

నన్ను చెత్తబుట్టలో పారేసి, తన సామాన్ల డబ్బాలోంచి తొమ్మిది మీద నిలబడే అన్నయ్యను తీసి నా చోట కూర్చోబెట్టారు. బల్బు భగ్గున వెలిగింది. "పెట్టేయ్ గుడ్లు!" అన్నారాయన విజయగర్వంతో. ఆవిడ ముందు చెయ్యి పెట్టి చూశారు. తొమ్మిదంటే ఇంకా చల్లగా ఉందని బోర్డు లెక్క. బల్బు ఆరదు, వేడి ఆగదు, అన్నయ్య తొమ్మిది తప్ప మరో మాట అనడు.

"ఏమండీ, ఇందులో పెడితే పిల్లలు రావు, ఆమ్లెట్లు వస్తాయి."

ఆవిడ నన్ను బుట్టలోంచి ఏరి, మీటరు తీగలు తగిలించి, వెచ్చటి గుడ్డు మీద పెట్టారు. ఆరన్నాను. తడిగుడ్డ చుట్టిన మంచినీళ్ళ కుండకు ఆనించారు. పన్నెండన్నాను. మళ్ళీ గుడ్డు మీద పెడితే మళ్ళీ ఆరే.

"ఇది మాట మార్చట్లేదండీ. వేడెంతో చెబుతోంది. మీ చెయ్యి వెచ్చగా ఉంటే పాపం అదేం చేస్తుంది?"

భుజంగరావు గారు గొంతు సవరించుకుని, "ఆ టంకం నాసిరకం" అని, నన్ను మళ్ళీ నా చోటే అతికించారు. బల్బు వెలిగింది, సరిగ్గా ఆరవలసినప్పుడు ఆరింది. గుడ్లు లోపలికొచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. దమయంతి గారు గోళ్ళ రంగుతో నా నెత్తిన ఎర్రచుక్క పెట్టారు. ఇన్నాళ్ళకు నాకూ ఒక గుర్తు!

మూడోనాటికి పదకొండు పిల్లలు పెంకులు పొడుచుకుని బయటపడ్డాయి. వాటిలో ఆరు అచ్చం నల్లపెట్టే. భుజంగరావు గారు పెట్టె మీదకు వంగి ఏదో గొణిగారు.

"ఏమన్నారూ? పిల్లల గోలలో వినపడలేదు" అన్నారావిడ. నాకే వినపడింది, ఆవిడకు వినపడకేం!

ఆయన పక్కింటిదాకా వినపడేలా అరిచారు: "రీడింగు సరైనదేనే! తప్పు చదివింది నేనే!"