బోర్డు మీది రెండో లైను

2005 నవంబరు 23, బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు షామీర్‌పేట చెరువులో ఒక మగమనిషి శవం తేలింది. చేపలు పట్టేవాళ్ళు చూసి పోలీసులకు చెప్పారు. జేబుల్లో కాగితాలేమీ లేవు. చొక్కా కాలరు లోపల తెనాలి టైలరు ఒకరి చీటీ కుట్టి ఉంది. దాన్నిబట్టి చనిపోయినవాడు కోస్తా జిల్లాల మనిషి కావచ్చని పోలీసులు అన్నారు. మరునాడు పేపరు జిల్లా అనుబంధంలో ఈ వార్త ఆరు లైన్లు వచ్చింది.

ఆ ఆరు లైన్లను తూంకుంటలోని తన ఇంట్లో వెంకటేశ్వరరావు గురువారం ఉదయం ఆరుంబావుకు చదివాడు. ఆయన సొంతూరు తెనాలి. సికింద్రాబాద్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. నాలుగేళ్ళ కిందట ఈ కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఊరి పేరు చూసి వార్తను రెండోసారి చదివాడు. కాఫీ అయ్యేదాకా ఆలోచించాడు. తర్వాత చాక్‌పీసు తీసుకుని గేటు దగ్గరికి నడిచాడు.

గేటు పక్కన ఉన్న నల్లబోర్డు కాలనీ సంఘానిది. కింది సగంలో నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళలు రాస్తారు. పై సగం వెంకటేశ్వరరావుది. రోజూ పేపర్లోంచి ఒక వార్త తీసుకుని ఒక లైనులో రాసేవాడు. ఆ వార్త నుంచి మనిషి తెలుసుకోవాల్సిందేమిటో దాని కింద ఇంకో లైను. వేదాంతం కోసం కొండలెక్కనక్కర్లేదు, పేపరు సరిగ్గా చదివితే చాలు అనేవాడు. మూడేళ్ళుగా, ఊరెళ్ళిన రోజులు తప్ప, మానలేదు. స్కూటరు ఆపి చదివేవాళ్ళు నలుగురైదుగురు ఉండేవాళ్ళు.

రోజూ తప్పకుండా వినేది మాత్రం శివమ్మ ఒక్కతే. ఆమె వాచ్‌మన్ సిద్దయ్య భార్య. ఇద్దరూ గేటు పక్క గదిలో ఉండేవాళ్ళు. ఆమెకు చదువు రాదు. వెంకటేశ్వరరావు రాసే వేళకు చీపురుతో అక్కడే ఉండేది. రాసింది ఆయనే చదివి వినిపించేవాడు. విని ఊరుకోవడం ఆమెకు చేతకాదు.

ఒకసారి ఎవరో మంత్రి రాజీనామా చేసిన వార్త కింద, "పదవి చెప్పుల జత లాంటిది, వేళైతే గుమ్మం బయట విడవాలి" అని రాశాడు.

"బయట ఇడిస్తే ఇంకొకడు ఏస్కపోతడు సారూ. గందుకే ఎవ్వలు ఇడ్వరు," అంది శివమ్మ.

గది ముందు కూర్చున్న సిద్దయ్య నవ్వాడు. "సారు గంత సదువు సదివి రాస్తుంటే నడుమ నీ లొల్లి ఏందే?"

"తప్పన్ననా ఏంది? సారూ, నేను జెప్పింది గూడ కింద రాయుండ్రి."

వెంకటేశ్వరరావు కూడా నవ్వాడు. రాయలేదు.

నవంబరు 21, సోమవారం మధ్యాహ్నం సిద్దయ్య, షామీర్‌పేటలో ఉన్న అక్కను చూసొస్తానని వెళ్ళాడు. రాత్రికి తిరిగి రాలేదు. మంగళవారం శివమ్మ ఆడబిడ్డ ఇంటికి పోయి అడిగింది. పొద్దు గూకకముందే బయల్దేరాడని చెప్పారు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్న వెంకటేశ్వరరావుకు ఆమె గేటు దగ్గర ఎదురైంది.

"సారూ, ఠాణల ఒక్క మాట చెప్పరాదుండ్రి జర. నేను పోతే కూసోమంటరు, గంతే."

"మగవాడు, ఎక్కడికి పోతాడు శివమ్మా? ఇంకెవరో చుట్టాలింటికి వెళ్ళుంటాడు. రేపటిదాకా చూద్దాం."

"చెప్పకుంట ఏడికి పోడు సారూ ఆయన."

"చూద్దాంలే."

బుధవారం ఆయన ఇంటికి చేరేసరికి ఎనిమిది దాటింది. శివమ్మకు చెప్పిన మాట గుర్తు రాలేదు.

గురువారం బోర్డు మీద మొదటి లైను రాశాడు: "షామీర్‌పేట చెరువులో తెనాలి వాసి శవం." పేపర్లో ఉన్న "కావచ్చు" అన్న మాట వదిలేశాడు. లైనులో పట్టలేదు. దాని కింద రెండో లైను: "ఊరుగాని ఊళ్ళో ధైర్యం తప్పినవాడు తనవాళ్ళను కూడా ముంచి పోతాడు."

శివమ్మ ఆ రోజు ఊడవడం లేదు. గది గడప మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది. ఆయన అలవాటు కొద్దీ రెండు లైన్లూ చదివాడు.

"పాపం. మీ ఊరాయననా సారూ?"

"అవును. చొక్కా కాలరు మీద మా ఊరి టైలరు పేరుందట."

ఆమె లేచి నిలబడింది. "అంగీ ఏం రంగుది?"

"నీలం గళ్ళు," అని ఆయన ఆగిపోయాడు.

బావమరిది కూతురి పెళ్ళికి తెనాలిలో కుట్టించుకున్న చొక్కా అది. పొట్ట దగ్గర బిగుతైందని రెండేళ్ళు బీరువాలోనే ఉండిపోయింది. దసరాకు భార్య పార్వతీదేవి దాన్ని సిద్దయ్యకు ఇచ్చింది. ఆ నీలం గళ్ళ మాట ఆయన పొద్దున పేపర్లో రెండుసార్లు చదివాడు.

"అమ్మ ఇచ్చిన అంగీ సారూ," అంది శివమ్మ. "సోమారం గదే ఏస్కపోయిండు."

వెంకటేశ్వరరావు చేతిలో చాక్‌పీసుతోనే రోడ్డు మీదికి వెళ్ళి ఆటో ఆపాడు. పార్వతీదేవి చెప్పులేసుకుని వచ్చి శివమ్మ పక్కన కూర్చుంది. బోర్డు మీది రెండు లైన్లు అలాగే ఉండిపోయాయి. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు చదువుకుంటూ పోయారు.

ఠాణా నుంచి పంపిన ఆసుపత్రి మార్చురీలో పదీ ఇరవైకి శివమ్మ శవాన్ని గుర్తుపట్టింది. చాలాసేపు ఏడ్చింది. పార్వతీదేవి పట్టుకుని తీసుకొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. హెడ్ కానిస్టేబుల్ కాగితాలతో వచ్చాడు.

"ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా అమ్మా?"

"లే."

"తాగుతడా?"

"పండుగకు తాగుతడు. సోమారం పండుగ లేదు."

"మరి చెరువుల ఎందుకు దుంకిండు?"

"దుంకంగ ఎవలు జూసిండ్రు?" అంది శివమ్మ. అని, గోడకు ఆనుకుని నిలబడ్డ వెంకటేశ్వరరావు వైపు తిరిగింది.

"సారూ, ధైర్యం తప్పిండని పేపర్ల ఉన్నదా, మీరు రాసిండ్రా?"

"పేపర్లో లేదు. నేను రాశాను."

"ఆయన మీకేమన్న చెప్పుకున్నడా?"

"లేదు శివమ్మా."

"మల్ల మీకెట్ల ఎరుకైంది?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రేపు ఊర్ల అడుగుతరు," అంది ఆమె. "పెండ్లం బాధ పడలేక దుంకిండంటరు. నేను బతికినన్ని దినాలు గా మాట మోయాలె."

హెడ్ కానిస్టేబుల్ పెన్ను తెరిచాడు. "సార్, మీరు చదువుకున్నోళ్ళు. ఆయన మీకు నాలుగేండ్ల సంది తెలుసంట. ఏమని రాసుకోమంటరు? ఆత్మహత్యనా?"

"అలా రాయకండి. కాలు జారిందని రాయండి."

"మీరు జూసిండ్రా సారూ?" అంది శివమ్మ.

"లేదు."

"చూడంది రాపియ్యకుండ్రి. ఒకపారి రాసిండ్రు, సాలు."

లోపల ఎవరో బక్కెట్టు ఈడుస్తున్న చప్పుడు వినబడింది.

"నాకు తెలియదని రాయండి," అన్నాడు వెంకటేశ్వరరావు.

హెడ్ కానిస్టేబుల్ రాశాడు. మృతుడు నాలుగేళ్ళుగా తమ కాలనీలో వాచ్‌మన్‌గా పనిచేస్తున్నాడని, మంగళవారం సాయంత్రమే భార్య తనను సాయం అడిగినా తాను పోలీసులకు చెప్పలేదని, మృతుడి మీది చొక్కా తనదేనని, అతను నీళ్ళలోకి ఎలా వెళ్ళాడో తనకు తెలియదని. మంగళవారం సంగతి ఎవరూ అడగలేదు. వెంకటేశ్వరరావే చెప్పి రాయించాడు. చదివి వినిపించాక సంతకం చేశాడు.

శివమ్మ వాంగ్మూలాన్ని కూడా చదివి వినిపించారు. అతను నీళ్ళలో పడటం ఎవరూ చూడలేదన్న చోట ఆమె ఆపి మళ్ళీ చదవమంది. విని, వేలిముద్ర వేసింది. అప్పుడు మధ్యాహ్నం పన్నెండూ నలభై.

పోస్ట్‌మార్టం నివేదిక డిసెంబరు 9న వచ్చింది. నీట మునగడం వల్ల మరణించాడని అందులో ఉంది. ఎలా మునిగాడన్నది తేలలేదు.